రెంబ్రాంట్ ‘మూడు చెట్లు’: ఎచింగ్ ముద్రణను అర్థం చేసుకోవడం

కోదాడలో ఒక ఆదివారం జరిగిన కాంటాక్ట్ తరగతిలో ఎదురైన ప్రశ్నతో ఈ పాఠాన్ని మొదలుపెడతాను. తెర మీద రెంబ్రాంట్ వేసిన ‘మూడు చెట్లు’ అనే బొమ్మ చూపించి, దీని ప్రతులు అనేక దేశాల మ్యూజియాలలో ఉన్నాయని చెప్పాను. వెనుక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థి లేచారు. రైస్ మిల్లులో ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదువుతున్న మనిషి. “సార్, అన్నీ ప్రతులే అయితే మరి అసలు బొమ్మ ఎక్కడుంది?” అని అడిగారు.

కొందరు నవ్వారు. అది నవ్వవలసిన ప్రశ్న కాదు. ముద్రణ చిత్రకళ గురించి తెలుసుకోవలసిన విషయం చాలావరకు ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ రోజు సమయం చాలక పొడిపొడిగా జవాబు చెప్పి ఊరుకున్నాను. ఇక్కడ తీరికగా చెబుతాను.

ముందు బొమ్మను చూద్దాం

‘మూడు చెట్లు’ 1643లో తయారైంది. ఎత్తు సుమారు 21 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 28 సెంటీమీటర్లు. అంటే ఒక ఎ4 కాగితాన్ని అడ్డంగా పెట్టినంత. రెంబ్రాంట్ ఎచింగ్ పద్ధతిలో చేసిన ప్రకృతి దృశ్యాలన్నిటిలోకీ ఇదే పెద్దది.

కుడి వైపు చిన్న మిట్ట మీద మూడు చెట్లు దగ్గర దగ్గరగా, నల్లగా నిలబడి ఉన్నాయి. వాటి వెనుక ఆకాశం తెల్లగా వెలుగుతోంది. ఎడమ వైపు పై మూలలో ఏటవాలు గీతలు బిగువుగా, స్కేలు పెట్టి గీసినట్లు దిగుతున్నాయి. అది వాన. వాన వస్తోందా, వెళ్ళిపోతోందా అనే విషయం మీద పండితులు ఇప్పటికీ తలో మాట అంటారు. మధ్యలో మబ్బులు సుడులు తిరుగుతున్నాయి. కింద చదునైన పొలాలు, పశువులు, దూరాన సన్నని గీతలలో ఒక నగరం.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు చూస్తూ పెరిగిన వారికి ఈ దృశ్యం పరాయిది అనిపించదు. నేల చదును, ఆకాశం విశాలం, దూరంలో వాన పడుతుంటే మనం నిలబడ్డ చోట ఎండ. మన చెరువు కట్ట మీద మూడు తాళ్ళు నిలబడి ఉంటే, జూన్ నెల సాయంత్రం కనిపించేది ఇంచుమించు ఇదే.

ఇప్పుడు నెమ్మదిగా వెతకండి. ఎడమ వైపు నీటి ఒడ్డున ఒక మనిషి గాలం వేసి చేపలు పడుతున్నాడు, పక్కన ఒక స్త్రీ కూర్చుని ఉంది. కుడి వైపు మిట్ట పైన బండి నిండా జనం వెళుతున్నారు. అదే గట్టున ఒక మనిషి ఒంటరిగా కూర్చుని బొమ్మ గీసుకుంటున్నాడు. చిత్రమేమిటంటే, అతడు ఈ చెట్లనూ వాననూ చూడడం లేదు, మరో వైపు తిరిగి ఉన్నాడు. కుడి కింది మూలలో, దట్టమైన పొదల చీకటిలో, ఒక ప్రేమ జంట దాగి ఉంది. ఈ పుస్తకంలోని నలుపు తెలుపు అచ్చులో ఆ జంట మీకు కనిపించకపోతే తప్పు మీ కళ్ళది కాదు. ఆ చీకటిలోని గీతలు అంత సన్నగా, అంత దగ్గరగా ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వెబ్‌సైటులో ఈ బొమ్మను ఉచితంగా పెద్దది చేసి చూడవచ్చు. ఫోనులో చూసినా చాలు.

చీకటి ఎంత దట్టంగా ఉంటే వెలుగు అంత ఉద్వేగంగా కనిపించడం పదిహేడవ శతాబ్దపు బరోక్ కళకు ప్రధాన లక్షణం. ఇటలీలో, స్పెయిన్‌లో చర్చిలు, రాజులు ఆ కళను పోషించారు. హాలండ్ ప్రొటెస్టెంటు దేశం. చర్చి గోడలకు బొమ్మలు అక్కరలేదు. కొనేవారు వర్తకులు, వృత్తి పనివారు. వారి ఇళ్ళలో పొలం, కాలువ, మబ్బు ఉన్న బొమ్మలకు గిరాకీ ఏర్పడింది. రంగుల చిత్రం కొనలేని వారు ముద్రణ చిత్రం కొనుక్కునేవారు. రెంబ్రాంట్ (1606–1669) తన జీవితంలో సుమారు 300 ఎచింగులు చేశాడు. చాలా దేశాలలో ఆయన పేరు ముందు తెలిసింది వీటి వల్లనే, రంగుల చిత్రాల వల్ల కాదు.

గాడిలోని నలుపు

ఎచింగ్‌ను అర్థం చేసుకోవడానికి మనకు బాగా తెలిసిన ఒక పనిని తలుచుకుందాం. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుడులలో కాకతీయుల కాలం నాటి శాసనాలు ఉన్నాయి. శాసన పరిశోధకులు వాటి నకలు ఎలా తీస్తారు? రాతి మీద తడి కాగితం పరచి, బ్రష్‌తో కొట్టి, అది అక్షరాల గాడులలోకి దిగేలా చేస్తారు. ఆ తరువాత పైపైన సిరా అద్దుతారు. సిరా రాయి ఉపరితలానికి సమంగా ఉన్న చోటే అంటుతుంది, గాడిలోకి దిగదు. అందుకే నకలులో నేపథ్యం నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి.

ఎచింగ్ దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ సిరా గాడిలోనే ఉంటుంది. ఉపరితలాన్ని శుభ్రంగా తుడిచేస్తారు. గీత నల్లగా, మిగిలినది తెల్లగా వస్తుంది. ఇలా పల్లంలోని సిరాతో అచ్చు వేసే పద్ధతులన్నిటికీ కలిపి ఇంటాగ్లియో అని పేరు. తెలుగులో పల్లపు ముద్రణ అనుకుందాం. చెక్క అచ్చులో, పాత ప్రెస్సుల సీసపు అక్షరాలలో సిరా ఉబ్బెత్తు భాగానికి అంటుతుంది కాబట్టి అవి వేరే తెగ.

చేసి చూడండి: మీ జేబులోని 500 రూపాయల నోటు తీయండి. కొత్త నోటు అయితే మంచిది. కళ్ళు మూసుకుని గాంధీగారి బొమ్మ మీద వేలి కొసతో నెమ్మదిగా రాయండి. గరుకుగా తగులుతుంది. ఆ భాగం ఇంటాగ్లియో పద్ధతిలో ముద్రించినది. చూపు లేనివారు నోటును గుర్తుపట్టడానికి ఇది తోడ్పడుతుంది. గాడిలోని సిరాను కాగితం పైకి లాగితే, ఆ సిరా కాగితం మీద చిన్న గట్టులా నిలుస్తుంది. 1643 నాటి ముద్రలోని గీతా అలాంటిదే.

మైనం, సూది, ఆమ్లం

రాగి రేకు మీద గాడి చేయడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది బలం. బ్యూరిన్ అనే పదునైన ఉక్కు పనిముట్టును అరచేతితో నెడుతూ రాగిని చెక్కి తీసేయడం. దీన్ని ఎన్‌గ్రేవింగ్ అంటారు. మన తామ్రశాసనాలు చెక్కిన వారికి, బీదరు కళలో వెండి పొదగడానికి గాడులు తీసేవారికి ఈ శ్రమ బాగా తెలుసు. గీత గంభీరంగా వస్తుంది. కానీ చేయి స్వేచ్ఛగా తిరగదు. పని నేర్వడానికి ఏళ్ళు పడుతుంది.

రెండవ దారి ఎచింగ్. ఇందులో రాగిని తినే పని ఆమ్లానిది, చిత్రకారుడి చేయి కేవలం గీస్తుంది.

ముందు రాగి రేకును అద్దంలా మెరుగుపెట్టి, అంచులను ఏటవాలుగా ఆకురాయితో అరగదీస్తారు. లేకపోతే ముద్రించేటప్పుడు అంచు కాగితాన్ని కోసేస్తుంది. రేకును కొద్దిగా వేడి చేసి, మైనం, గుగ్గిలం వంటి బంక, తారు కలిపిన ముద్దను దాని మీద కరిగించి పలుచని పొరలా పరుస్తారు. ఆ పొరకు మైనపు వత్తి పొగ పట్టిస్తారు. నల్లబడిన పొర మీద సూదితో గీస్తే కింది రాగి ఎర్రగా మెరిసి, గీసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ సూది రాగిని కోయనక్కరలేదు, మైనాన్ని తొలగిస్తే చాలు. అందువల్ల కాగితం మీద కలం నడిచినంత తేలికగా చేయి నడుస్తుంది. మబ్బు సుడులూ చెట్ల ఆకుల చిందరవందర గీతలూ రెంబ్రాంట్‌కు అందింది ఈ తేలికదనం వల్లనే.

తరువాత రేకును ఆమ్లంలో ఉంచుతారు. మైనం ఉన్న చోట ఆమ్లం తాకదు. మైనం పోయిన గీతలో రాగిని తింటుంది. నత్రికామ్లం వాడితే గీతల మీద బుడగలు లేస్తాయి, వాటిని ఈకతో తుడుస్తూ ఉంటారు. ఈ రోజుల్లో చాలా స్టూడియోలు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వాడుతున్నాయి. ఎలక్ట్రానిక్స్ చదివిన వారికి సర్క్యూట్ బోర్డు మీద అనవసరమైన రాగిని తొలగించే ద్రావణంగా అది పరిచయమే. (ఇవేవీ ఇంట్లో ప్రయత్నించకండి. గాలి ఆడే గది, చేతి తొడుగులు, చెప్పేవారు ఉండాలి.)

మైనంతో అడ్డుకట్ట వేయడం తెలుగునాట కొత్త ఆలోచన కాదు. కోరమండల్ తీరంలో కలంకారీ బట్టలు తయారుచేసేవారు నీలిమందు తొట్టిలో ముంచే ముందు, నీలం పడకూడని చోట మైనం పూసేవారు. అక్కడ మైనం రంగును ఆపుతుంది, ఇక్కడ ఆమ్లాన్ని ఆపుతుంది. సూత్రం ఒకటే.

ఈ పోలిక కేవలం నా ఊహ కాదు, ఆ రెండు చోట్లకూ ఆనాడే రాకపోకలు ఉండేవి. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కొద్ది ఏళ్ళలోనే గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. మన అద్దకపు బట్టలు అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ చేరేవి. ఈ రోజు హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి చివర ఉన్నది ఆ మచిలీపట్నమే. ఆ ఓడలలో బొమ్మలు కూడా వెళ్ళాయి. రెంబ్రాంట్ 1656 తరువాతి కొద్ది సంవత్సరాలలో మొఘల్ సూక్ష్మ చిత్రాలను చూసి గీసుకున్న రేఖాచిత్రాలు 20కి పైగా నేటికీ ఉన్నాయి. గోల్కొండ శైలి చిత్రపటాల ఆల్బమ్ ఒకటి ఇప్పుడు రైక్స్ మ్యూజియంలోనే ఉంది. అయితే ‘మూడు చెట్లు’ మీద భారతీయ ప్రభావం ఉందని మాత్రం ఎవరూ పరీక్షలో రాయకండి. అది అంతకు ముందరి పని.

మళ్ళీ ఆమ్లం దగ్గరకు వద్దాం. ఎచింగ్‌లో గీత నలుపు దేని మీద ఆధారపడుతుంది? చేతి ఒత్తిడి మీద కాదు, కాలం మీద. రేకు ఆమ్లంలో కొద్దిసేపు ఉంటే గాడి లోతు తక్కువ, సిరా తక్కువ, గీత లేత. ఎక్కువసేపు ఉంటే గీత ముదురు. ఒకే రేకు మీద రెండూ కావాలంటే కొంతసేపటి తరువాత రేకును బయటికి తీసి, కడిగి, లేతగా ఉండవలసిన గీతల మీద వార్నిషు పూసి మళ్ళీ ఆమ్లంలో దించుతారు. వార్నిషు పూసిన గీతలు అక్కడితో ఆగిపోతాయి, మిగిలినవి ఇంకా లోతవుతాయి. ఇలా ఎన్ని సార్లయినా చేయవచ్చు. దూరపు నగరం లేతగా, దగ్గరి చెట్టు ముదురుగా రావడానికి ఈ పద్ధతిలో దారి ఉంది. దూరాన్ని నిమిషాలలో కొలవడం అన్నమాట! నాకు ఈ మాధ్యమంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే.

ఎచింగ్ గురించి అచ్చయిన తొలి సమగ్ర గ్రంథాన్ని ఫ్రాన్సులో అబ్రహాం బోస్ 1645లో ప్రచురించాడు. ‘మూడు చెట్లు’ వచ్చిన రెండేళ్ళకు. బోస్ దృష్టిలో మంచి ఎచింగ్ అంటే ఎన్‌గ్రేవింగ్‌లా కనిపించేది, గీతలు తీరుగా వరుసలో ఉండేది. రెంబ్రాంట్ సరిగ్గా దానికి ఎదురు నడిచాడు. ఆయన గీత రాతలా ఉంటుంది. పైగా ఆయన పనిముట్లను కలిపేశాడు. ‘మూడు చెట్లు’ రేకు మీద ఎచింగ్ ఉంది, బ్యూరిన్ పని ఉంది, డ్రై పాయింట్ కూడా ఉంది.

డ్రై పాయింట్ అంటే మైనమూ ఆమ్లమూ లేకుండా సూదితో నేరుగా రాగిని గీరడం. నాగలి సాలుకు పక్కన మట్టి లేచినట్లు గీతకు పక్కన రాగి గరుకుగా లేస్తుంది. ఆ గరుకు అంచు సిరాను పట్టుకుని ముద్రలో మఖమల్ లాంటి మెత్తని నలుపు ఇస్తుంది. కానీ ఆ అంచు సున్నితమైనది. ప్రెస్సు ఒత్తిడికి కొన్ని పదుల ముద్రలలోనే అణిగిపోతుంది. తరువాతి ముద్రలలో ఆ నలుపు ఉండదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన విద్యార్థి ప్రశ్నకు జవాబులో కొంత ఇందులో ఉంది.

సిరా, అరచేయి, కాగితం

మైనం పొరను కడిగేశాక రేకు మీద అవిసె నూనెలో నూరిన నల్లని సిరాను దట్టంగా పూసి గాడులలోకి దిగేలా నొక్కుతారు. గంజి పెట్టిన పలుచని గుడ్డతో పై సిరాను తుడుస్తారు. చివరి తుడుపు అరచేతితో. పూర్తిగా తుడిస్తే తెలుపు నిగ్గు తేలుతుంది. కొంచెం పొర వదిలితే ఆ చోట సాయంకాలపు మసక వస్తుంది. రెంబ్రాంట్ తరువాతి కాలపు ముద్రలలో కావాలనే సిరా పొర వదలడం కనిపిస్తుంది.

కాగితాన్ని ముందే తడిపి ఉంచుతారు. రేకు మీద తడి కాగితం, దాని మీద ఉన్ని గుడ్డలు వేసి రెండు రోలర్ల మధ్య నడుపుతారు. చెరకు రసం బండి మీద చెరకు నలిగినట్లే. మెత్తబడిన కాగితం గాడులలోకి దిగి సిరాను తీసుకుని వస్తుంది. రేకు అంచు కాగితం మీద పల్లంగా నొక్కుకుంటుంది. దీన్ని ప్లేట్ మార్క్ అంటారు. రెండో ముద్ర కావాలంటే సిరా పూయడం నుంచి మళ్ళీ అంతా మొదలు.

ముద్రలో కుడి ఎడమలు తారుమారవుతాయని మీరు ఈపాటికి ఊహించి ఉంటారు. చెట్లు కుడి వైపు కనిపిస్తున్నాయంటే రేకు మీద అవి ఎడమ వైపు ఉన్నాయి. సంతకం సరిగా చదవబడాలంటే రేకు మీద తిరగేసి రాయాలి. ఊళ్ళ విషయంలో రెంబ్రాంట్ ఈ చిక్కును పెద్దగా పట్టించుకున్నట్లు లేదు. 1640 ప్రాంతంలో ఆయన చేసిన ఆమ్‌స్టర్‌డామ్ నగర దృశ్యం ముద్రలో అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంటుంది.

మరి అసలు బొమ్మ ఎక్కడుంది?

జిరాక్సు తీసేటప్పుడు ముందు ఒక కాగితం ఉంటుంది. దాన్ని చూసి యంత్రం నకలు ఇస్తుంది. ‘మూడు చెట్లు’కు అలా ముందున్న కాగితం లేదు. రేకు ఉంది. కానీ రేకు బొమ్మ కాదు. దాన్ని చేతికిస్తే తిరగబడిన గాడులు తప్ప వానా వెలుగూ కనిపించవు. విత్తనాల మూటను చూపించి ఇదే పంట అనలేం కదా. చిత్రకారుడు ఊహించిన బొమ్మ మొదటిసారి కళ్ళబడేది తడి కాగితాన్ని రేకు మీద నుంచి ఎత్తిన క్షణంలో. కాబట్టి ఆయన రేకు నుంచి ఆయన కోరిన రీతిలో వచ్చిన ప్రతి ముద్రా అసలైనదే. ఒకటి కంటే ఎక్కువ అసళ్ళు ఉండే కళ ఇది.

అయితే అన్ని అసళ్ళూ సమానం కావు. గరుకు అంచు అణగని తొలి ముద్రలలో నలుపు లోతుగా ఉంటుంది. తుడిచిన చేతిని బట్టి, కాగితాన్ని బట్టి ఒక్కో ముద్ర ఒక్కో తీరు. రెంబ్రాంట్ మరణించిన తరువాత కూడా ఆయన రేకులు కొన్ని చేతులు మారి, అరిగిపోయిన గాడులను ఇతరులు మళ్ళీ చెక్కి, ఇరవయ్యవ శతాబ్దం దాకా వాటితో ముద్రలు తీశారు. వాటిని ఏమనాలి? రేకు ఆయనది, చేయి ఆయనది కాదు. మ్యూజియాల వారు వాటిని తరువాతి ముద్రలుగా విడిగా నమోదు చేస్తారు. అది సరైన పద్ధతి. ఆధునిక చిత్రకారులు ఈ గందరగోళం రాకుండా ముద్ర అడుగున పెన్సిలుతో 3/25 వంటి సంఖ్య వేసి సంతకం చేస్తున్నారు. మొత్తం 25 ముద్రలు, ఇది మూడవది అని అర్థం. రెంబ్రాంట్ కాలంలో ఈ అలవాటు లేదు.

తెలుగువారి చేతిలో రాగి రేకు

ఈ మాధ్యమాన్ని కొత్త దారి పట్టించిన వారిలో ఒక తెలుగువాడు ఉన్నాడని మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చదివి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ 1927లో నెలకొల్పిన ‘అటెలియే 17’ అనే ముద్రణ స్టూడియోలో పనిచేశారు.

అప్పటివరకు పలు రంగుల ఎచింగ్ కావాలంటే రంగుకు ఒక రేకు చేసి, ఒకదాని మీద ఒకటి పొల్లుపోకుండా ముద్రించడం మామూలు పద్ధతి. కృష్ణారెడ్డి, ఆయన సహచరులు ఒకే రేకుతో, ఒకేసారి రంగులన్నీ ముద్రించే పద్ధతిని రూపొందించారు. రేకును వేర్వేరు లోతులలో చెక్కుతారు. గట్టి రోలరు పై మిట్టలను మాత్రమే తాకుతుంది, మెత్తని రోలరు పల్లాలలోకి దిగుతుంది. నూనె ఎక్కువ కలిపిన పలుచని రంగు పరచిన చోట చిక్కని రంగు రోలరు నడిపితే అది అంటుకోదు. రంగుల చిక్కదనాన్ని బట్టి ఏ రంగు ఎక్కడ నిలవాలో నిర్ణయించవచ్చు. దీన్నే విస్కాసిటీ ముద్రణ అంటారు. 1963 నాటి ఆయన ‘సుడిగుండం’ చూస్తే నీటి కదలికను లోతులతో ఎలా పట్టుకున్నారో తెలుస్తుంది. ఆయనకు 1972లో పద్మశ్రీ వచ్చింది. న్యూయార్కులో స్థిరపడి, అక్కడే 2018లో మరణించారు.

మన ఊరి నేలను ఎచింగ్‌లోకి తెచ్చినవారు లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదు లలితకళల కళాశాలలో, తరువాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద చదివారు. ఆయన ఎచింగ్‌లలో పొదలు, మేకలు, పల్లె మనుషులు ఒకే సన్నని గీతలో పెనవేసుకుని ఉంటారు. గీతతో పాటు ఆక్వాటింట్‌ను కూడా ఆయన విరివిగా వాడారు. గుగ్గిలం పొడిని రేకు మీద దులిపి వేడి చేస్తే అది చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది. చుక్కల మధ్య ఖాళీలను ఆమ్లం తింటుంది. ముద్రలో గీత లేకుండానే బూడిద రంగు పరుచుకుంటుంది. రెంబ్రాంట్ చీకటి అంతా గీత మీద గీత గీసి కూడబెట్టినది. లక్ష్మాగౌడ్ బొమ్మలోని మసక మాత్రం చాలా చోట్ల ఈ పొడి ఇచ్చినది. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

హైదరాబాదు వెళ్ళినప్పుడు ఏదైనా గ్యాలరీలో ఎచింగ్ కనిపిస్తే ముందు అంచు చూడండి, రేకు నొక్కిన పల్లం ఉందా అని. తరువాత పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడే చోట నిలబడండి. సిరా గీతల గట్లు కాగితం మీద చిన్న నీడలు వేస్తాయి. ముట్టుకోనివ్వరు కాబట్టి, వేలితో తెలుసుకోవలసింది కంటితోనే తెలుసుకోవాలి.